రెండు గడుల ఫారం

హార్లోవెల్, మసాచుసెట్స్
ఫిబ్రవరి 18

హదసక్కా,

ఫోన్‌లో మాట్లాడితే పదో నిమిషానికల్లా పోట్లాటలోకి దిగుతున్నాం కాబట్టి ఇకమీదట ఈమెయిల్లో ఉత్తరాలే రాసుకుందామన్నావు. సరే, రాస్తున్నాను. ఇందులో అయితే నువ్వు నా మాటకు అడ్డు రాలేవు.

మా కాలేజీ వాళ్ళు నన్ను ఒక కమిటీలో వేశారు. అక్టోబరులో మీ దగ్గర జనాన్ని చంపి, కొందర్ని ఎత్తుకుపోయిన ఆ ఘోరం జరిగి, వెంటనే గాజాలో యుద్ధం మొదలైనప్పటి నుంచి ఇక్కడా మనశ్శాంతి లేదు. రోజుకో ఊరేగింపు, పూటకో పోస్టరు, ఒక్కో పోస్టరు మీద నాలుగేసి ఫిర్యాదులు. డీన్ వార్డ్‌వెల్ నా గదికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, కమిటీలో మీలాంటివాళ్ళు ఒకరుంటే బాగుంటుందని నసిగాడు. మీలాంటివాళ్ళంటే ఎవరయ్యా, కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాళ్ళా, అరవై దాటినవాళ్ళా, మోకాళ్ళ నొప్పులవాళ్ళా అని అడిగాను. పాపం, యూదులు అన్న మాట నోట్లోంచి ఊడిపడటానికి అతనికి అర నిమిషం పట్టింది.

కమిటీ అంటే ముగ్గురం. డీన్, ఒక లాయరు, నేను. చేయాల్సిన పనల్లా ఫిర్యాదు చదివి ఫారం మీద టిక్కు పెట్టడం. ఫారంలో రెండే గడులు. మొదటిది 'ప్రభుత్వ విధానంపై విమర్శ'. అందులో టిక్కు పడితే ఫైలు మూసేస్తారు. రెండోది 'యూద ద్వేషం'. అందులో పడితే విచారణ జరుగుతుంది. ఈ రెండింటికీ చెందనిది ఎక్కడ వేయాలని అడిగితే అలాంటిది ఉండదన్నాడు లాయరు. ఇప్పటికి అరవై ఒక్క ఫిర్యాదులొచ్చాయి. నా తల ప్రాణం తోకకొచ్చింది. 'బాంబులు ఆపండి' అని అట్టముక్క పట్టుకున్న పిల్ల మీద ఫిర్యాదు, అది చూస్తే భయమేస్తోందని. లైబ్రరీ మరుగుదొడ్డి గోడ మీద ఎవడో హిట్లర్ జెండా గుర్తు గీసిపోతే, అది కేవలం రాజకీయ అభిప్రాయమని ఇంకొకడు మూడు పేజీలు రాశాడు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి రెండేసి వాయించాలనిపించింది.

ఇలా అయితే తెమలదని నేనొక పద్ధతి పెట్టాను. అన్న మాటల్లో ప్రభుత్వం, సైన్యం, ప్రధానమంత్రి, వీటిలో ఏదైనా ఉంటే మొదటి గడి. యూదులు అని ఉంటే రెండో గడి. లాయరుకి అది తెగ నచ్చేసింది. ఒక్క మధ్యాహ్నంలో ఇరవై ఏడు ఫైళ్ళు తేల్చేశాం. అందులో ఒకటి నా ల్యాబ్‌దే. అకీవా రోత్‌బర్డ్ అని రెండో సంవత్సరం కుర్రాడు, న్యూజెర్సీ వాడు, నెత్తి మీద ఎప్పుడూ మన యూదుల చిన్న టోపీ పెట్టుకునే ఉంటాడు. ముందు మీ ప్రభుత్వం చేస్తున్నది తప్పని చెప్పు, తర్వాత మా బల్ల దగ్గర కూర్చో అని తోటివాళ్ళు ముగ్గురు అన్నారట. అతను చెప్పనన్నాడట. అప్పటి నుంచి సింకు పక్కన ఒక్కడే నిలబడి ప్రయోగాలు చేసుకుంటున్నాడు. రెండు పేజీల ఫిర్యాదు రాశాడు. వాళ్ళు అన్న మాటల్లో ప్రభుత్వమే ఉంది, యూదులని ఎక్కడా లేదు. మొదటి గడిలో వేశాం. పిల్లల తగాదా, వాళ్ళే సర్దుకుంటారు.

మోకాలికి నువ్వు చెప్పిన కట్టు కడుతున్నాను. గుణమేమీ కనిపించలేదు.

నీ చెల్లెలు,
ఈడిత్


హైఫా
మార్చి 10

ఈడీ,

కట్టు రోజూ కట్టాలి, గుర్తొచ్చినప్పుడు కాదు. నిరుటిదాకా నలభై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని చెప్తే వినవు, టీవీలో ఎవడో చెప్తే వింటావు.

నిన్న శనివారం. విశ్రాంతి దినం ముగిసి చుక్కలు పొడవగానే ఎప్పటిలాగే కూడలికి వెళ్ళి నిలబడ్డాను. నా అట్టముక్క మీద ఏం రాసుందో తెలుసా? 'మీరు దిగిపోండి, మా వాళ్ళని ఇంటికి తెండి.' నాతో ప్రసూతి వార్డులో పనిచేసిన ఒరీత్ ఉంది చూడు, దాని తమ్ముడు ఇంకా గాజాలో ఆ సొరంగాల్లోనే బందీగా ఉన్నాడు. ఈ ప్రభుత్వానికి అతను గుర్తున్నాడో లేదో కూడా నాకు నమ్మకం లేదు. అవతల గాజాలో ఎముకలు తేలిన పసిపిల్లల ఫొటోలు వస్తున్నాయి. కొన్ని వేలమందికి బొడ్డు కోసిన చేతులివి, ఆ ఫొటోలు చూశాక ముద్ద ఎత్తలేకపోతున్నాను. ఈ రెండు బాధలూ ఒకే మనిషికి ఉండకూడదని ఇక్కడ సగంమంది, మీ దగ్గర సగంమంది నాకు పాఠం చెప్తున్నారు. వాళ్ళ మొహం.

నిన్న ఒకాయన కారు ఆపి, అద్దం దించి, నన్ను దేశద్రోహి అన్నాడు. నా కొడుకు యోతం సైన్యంలో ఉన్నాడు, నీ కొడుకు ఎక్కడున్నాడు నాయనా అని అడిగాను. అద్దం ఎత్తేసుకుని పోయాడు.

అందుకే నీ ఉత్తరం చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ అట్టముక్క పట్టుకుని మీ కాలేజీలో అడుగుపెడితే నా మీదా నాలుగు ఫిర్యాదులొస్తాయన్నమాట. నీ పద్ధతి పుణ్యమా అని మొదటి గడిలో పడి బతికిపోతాను, సంతోషం. కానీ అది ఏం పద్ధతే? డబ్బా మీద చీటీ చదివి, లోపలున్నది ఉప్పో పంచదారో నాలిక్కి తగిలించుకోకుండా వంట చేసే మనిషివి నువ్వు. ల్యాబ్‌లో ఇలాగే చేస్తే పిల్లలకి సున్నాలు వేస్తావు.

ఆ టోపీ కుర్రాడి సంగతి నాకు మింగుడు పడలేదు. న్యూజెర్సీలో పుట్టినవాడికి 'మీ ప్రభుత్వం' ఇక్కడెక్కడిది? అతని ప్రభుత్వం వాషింగ్టన్‌లో కదా ఉంది. ఆ ఫైలు మళ్ళీ తీసి చదువు.

హదస


హార్లోవెల్
మే 4

అక్కా,

ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు తిట్టుకునే ఉంటావు. అకీవా ఫైలు మూసేశాం, మూసినదాన్ని తెరవడానికి నిబంధనలు ఒప్పుకోవని లాయరు అన్నాడు. నేనూ పట్టుబట్టలేదు. ఇక ఆ ఊసెత్తకు. అంతకన్నా పెద్దది వచ్చి నెత్తిన పడింది.

మన పస్కా పండుగ మొదలయ్యే ముందు రోజు విద్యార్థులు లైబ్రరీ ఎదుట పచ్చికలో గుడారాలు వేశారు. యుద్ధం ఆగాలి, కాలేజీ సొమ్ము ఆయుధాల కంపెనీల్లో పెట్టకూడదు అని వాళ్ళ పట్టు. రాత్రీ పగలూ డప్పులు. పండుగ వారమంతా ఒకటే వాన. పోయిన సోమవారం తోటమాలి నీళ్ళ పైపు బాగుచేద్దామని గుడారాల వెనక తవ్వితే పారకి ఏదో మెత్తగా తగిలింది. తీసి చూస్తే హీబ్రూ పుస్తకాలు. పధ్నాలుగు. తెల్ల దుప్పట్లో చుట్టి పాతిపెట్టారు. పార తగిలి రెండు చిరిగిపోయాయి, మిగతావి నాని ఉబ్బిపోయాయి. డీన్ వాటిని ప్లాస్టిక్ సంచిలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

పై పేజీలో దేవుడి పేరు, దాని మీద బురద. నేను దేవుణ్ణి నమ్మడం మానేసి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. సమాజ మందిరం గడప చివరిసారి తొక్కింది నాన్న పోయినప్పుడు. అయినా ఆ పేజీ చూసి డీన్ ముందే వెక్కివెక్కి ఏడ్చాను. మన పుస్తకాలు వీధుల్లో పోగేసి తగలబెట్టినవాళ్ళు గుర్తొచ్చారు. మళ్ళీ మొదలైంది, ఇంత చదువుకున్న చోట కూడా మొదలైంది అనిపించింది.

ఆ ఏడుపులోనే కమిటీ ప్రకటన రాసిచ్చాను. 'యూదుల పవిత్ర గ్రంథాలను బురదలో పూడ్చిన ఈ నీచకార్యం' అని రాశాను. మొదటి సంతకం నాదే. గంటలో కాలేజీలో అందరికీ పంపేశారు, పాత విద్యార్థులతో సహా.

చేసిన మనిషి కూడా దొరికింది. తెల్లవారుజామున గొయ్యి తవ్వుతుండగా లైబ్రరీ గోడ మీది కెమెరాలో పడింది. ఎస్ట్రేయా మెర్కాదో, చరిత్ర విభాగం, చివరి సంవత్సరం. మెక్సికో వైపు పిల్ల అయ్యుంటుంది. పదహారున విచారణ. రుజువైతే పట్టా ఇవ్వరు, కాలేజీలోంచి పంపేస్తారు. మూడు వారాల్లో పట్టా పుచ్చుకోవాల్సిన పిల్ల, ఏం పోయేకాలమో. సంజాయిషీ అడిగితే ఒక్క వాక్యం రాసి పంపింది. 'ఆ పని గౌరవంగానే చేశాను, తెలిసినవాళ్ళని అడగండి' అట. ఎంత పొగరో చూడు. కాలేజీలో ఉండే మన మతగురువు, రబ్బీ, ఆ పుస్తకాలు తనకొకసారి చూపించమని కబురు పెట్టాడు. విచారణ దాకా సాక్ష్యం ఎవరికీ చూపకూడదన్నాడు లాయరు. నేనూ సరేనన్నాను.

ఈసారి మాత్రం ఏ గడి అన్నదానిలో నాకు అనుమానమే లేదు.

ఈడిత్


హైఫా
మే 7

ఈడీ,

నీ ఉత్తరం చదివి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదివాను. తిట్టకుండా రాద్దామనుకున్నాను. కుదిరేలా లేదు.

తెల్ల దుప్పట్లో చుట్టారని నువ్వే రాశావు. ద్వేషించేవాడు దుప్పటి చుడతాడా? చించుతాడు, తొక్కుతాడు, అందరూ చూసేలా పారేస్తాడు. తెల్లగుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోటు చూసి, ఎవరూ లేనప్పుడు మట్టి చేసేది ఎవరే? మనవాళ్ళు. దేవుడి పేరున్న పుస్తకం పాడైపోతే పారేయకూడదు, కాల్చకూడదు, మనిషిని సాగనంపినట్టు మట్టిలో పెట్టాలి. క్లీవ్‌లాండ్‌లో తాతయ్య ఏటా చేసిన పని అదే కదా. మందిరంలో చిరిగినవన్నీ గోనెసంచిలో పోగేసి, శ్మశానంలో ఓ మూల గొయ్యి తీయించేవాడు. మనిద్దర్నీ తీసుకెళ్ళేవాడు. నీకప్పుడు ఆరేళ్ళు. పుస్తకాలు కూడా చచ్చిపోతాయా తాతయ్యా అని అడిగావు. ఆ మాట ఆయన పోయేదాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నువ్వు మర్చిపోయావంటే నేను నమ్మను. గుర్తు చేసుకోవడం ఇష్టం లేకపోయింది, అంతే. రబ్బీ చూస్తానన్నా చూపించలేదు మహానుభావులు.

ఇక మెర్కాదో. మెక్సికో పిల్లట. మా అత్తగారి పుట్టింటి పేరేమిటో ఎప్పుడైనా అడిగావా? మెర్కాదో. ఇజ్మీర్ మెర్కాదోలు. స్పెయిన్ వెళ్ళగొడితే టర్కీ చేరి, ఐదువందల ఏళ్ళు స్పానిష్‌లోనే దేవుడికి మొరపెట్టుకున్న యూదులు. పేరు చివర స్టీన్ అనో బర్గ్ అనో లేకపోతే అవతలి మనిషి యూదుడే కాదనుకునే జబ్బు పోలండు నుంచి వచ్చిన మనలాంటి యూదులది. మా అత్తగారు ఉండగా ఈ మాట అని ఉంటే చీపురు తిరగేసేది.

ఆ టోపీ కుర్రాడి ఊసెత్తొద్దన్నావు. ఎత్తుతాను. వాళ్ళు దేని గురించి మాట్లాడారో చూశావు, ఎవరిని నిలబెట్టి అడిగారో చూడలేదు. ప్రభుత్వాన్ని ఎంతైనా అననీ, నేను వారం వారం గొంతు పోయేలా అంటున్నాను. కానీ నెత్తి మీద టోపీ చూసి, అతనొక్కణ్ణే పట్టుకుని, కూర్చోవాలంటే ఆ ప్రభుత్వం తరఫున జవాబు చెప్పమన్నారు. మిగతా ముగ్గురూ ఏ ప్రభుత్వం తరఫునైనా జవాబు చెప్పి కూర్చున్నారా? దాన్ని విమర్శ అని రాశావు. ఆ పిల్ల భక్తితో చేసినదాన్ని ద్వేషమని రాశావు. రెండూ తలకిందులే.

వెళ్ళి ఆ పిల్లతో మాట్లాడు. కమిటీ మనిషిలా ఫైలు పట్టుకుని వెళ్ళకు.

హదస


హార్లోవెల్
మే 10

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజంతా నీ మీద మండిపడ్డాను. మర్నాటికి ఆ మంట నా మీదికి మళ్ళింది. గోనెసంచి గుర్తొచ్చింది. అందులోంచి వచ్చే పాత కాగితాల వాసన కూడా గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

విచారణకి ముందు ఆ అమ్మాయిని కలవకూడదని లాయరు చెప్పాడు. కలిశాను. గుడారం బయట బక్కెట్ దగ్గర కూర్చుని గిన్నె తోముతోంది. పొట్టి పిల్ల, దట్టమైన కనుబొమలు. పేరు చెప్పగానే ప్రకటన రాసింది మీరే కదా అంది. కమిటీతో ఎవరూ ఒంటరిగా మాట్లాడకూడదని ఇక్కడ అందరం అనుకున్నాం, వెళ్ళిపొమ్మంది. మా తాతయ్య కూడా పాడైన పుస్తకాల్ని గోనెసంచిలో పట్టుకెళ్ళేవాడమ్మా అన్నాను. గిన్నె కింద పెట్టింది.

వాళ్ళది సియాటిల్. తాతగారు రోడ్స్ ద్వీపం నుంచి వచ్చిన మనిషి, తొంభై ఏళ్ళు. ఆ పధ్నాలుగు పుస్తకాలూ పస్కా రాత్రి చదువుకునేవి, ఆయన ఇంటివి, పండుగకని ఈ పిల్లకి పోస్టులో పంపాడు. రెండో రాత్రి గుడారంలో ముప్పైమంది కూర్చుని చదువుతుంటే వానకి పైకప్పు కూలింది. పుస్తకాలు నీళ్ళలో తేలాయట. నాలుగు రోజులు ఆరబెట్టినా బూజు పట్టింది. తాతయ్యకి ఫోన్ చేసింది. ఏ గుడ్డ చుట్టాలి, ఎంత లోతు తవ్వాలి, ఏం పలకాలి, అంతా ఆయన ఫోన్‌లో దగ్గరుండి చేయించాడు.

ఇదంతా కమిటీకి ఎందుకు రాయలేదని అడిగాను. నా మొహంలోకి సూటిగా చూసింది.

"మీరు పంపిన కాగితంలో ఏం అడిగారు? యూదులంటే నీకు ద్వేషమా, అవునా కాదా అని. మా తాతయ్య మనవరాలు దానికి జవాబు రాయాలా? మీ ప్రకటన ఆయనకి చదివి వినిపించాను. ఆ నీచకార్యం చేయించింది ఆయనే కదా."

 నువ్వు యూదురాలివని కమిటీకి చెప్తాను, అంతటితో అయిపోతుంది అన్నాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. "అంటే నేను కాకపోతే ద్వేషంతో పూడ్చినట్టేనా? నా పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది నా గదిలో ఉండే పిల్ల. ముస్లిం. గొయ్యి తవ్వింది ఆ పిల్లే అయ్యుంటే ఏం రాసేవాళ్ళు?" అంది. 

ఇంకోటి కూడా చెప్పింది, అది నీకు రాయాలంటే చేయి రావడం లేదు. అకీవాని పొమ్మన్న ముగ్గురిలో ఇద్దరు ఈ గుడారాల్లోనే ఉన్నారట. అతనికి క్షమాపణ చెప్పమని ఈ పిల్ల రెండు రోజులు వాళ్ళతో పోట్లాడిందట. వాళ్ళు నవ్వి, అది విమర్శేనని కమిటీయే తేల్చింది కదా అన్నారట. నేను టిక్కు పెట్టిన కాగితం నకలు తీసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారట.

తిన్నగా డీన్ దగ్గరికి వెళ్ళాను. ప్రకటన వెనక్కి తీసుకోవాలన్నాను. అలా చేస్తే మనం తప్పు చేశామని ఒప్పుకున్నట్టవుతుందండీ అన్నాడు. చేశాం కదయ్యా అన్నాను. అతనికి ఒకటే బెంగ, ఇంతా అయ్యాక కాలేజీ మొహం ఎలా చూపించాలని. ఒక ఉపాయం చెప్పాడు. విచారణ ఉండదు, పట్టా ఇచ్చేస్తారు, ఎస్ట్రేయా ఫైల్లో యూద ద్వేషానికి హెచ్చరిక అని ఒక్క ముక్క ఉంటుంది. ప్రకటన జోలికి ఎవరూ పోరు. ఆ ముక్క ఆ పిల్ల ఎక్కడ ఉద్యోగానికెళ్ళినా వెంట వస్తుందన్నాను. కాలం గడిస్తే ఎవరు చూస్తారులెండి అన్నాడు.

నిజం చెప్పనా? ఒక్క క్షణం నాకూ సరేననాలనిపించింది. ముప్పై రెండేళ్ళు ఇక్కడ పాఠం చెప్పాను, అందరి ముందూ నిలబడి నాకు బుద్ధి లేదని చెప్పుకోవడం అంత తేలిక కాదు. ఏం చేయమంటావు?

ఈడిత్


హైఫా
మే 12

ఈడీ,

ఇది నన్ను అడగాల్సిన ప్రశ్నేనా? నిందని అందరికీ పంపావు. తప్పయిందన్న మాట కూడా అందరికీ వెళ్ళాలి. చాటుగా ఫైల్లో సర్దేస్తే అది ఆ పిల్లకి ఇంకో దెబ్బ, నీకు మాత్రం హాయి.

సైన్యం నుంచి ఇంటికొచ్చిన యోతంని మళ్ళీ పిలిచారు. శుక్రవారం వెళ్ళాడు. వాడి బూట్లు గుమ్మంలో లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు. వెళ్ళొద్దని అనలేను, వెళ్ళిరమ్మని అనలేను. నిన్న సాయంత్రం అయినా కూడలికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళ అమ్మాయి ఒకామె చంటిపిల్లని ఎత్తుకుని నా ముందుకొచ్చి నిలబడింది. ఈ పిల్ల నీ చేతుల్లోనే పుట్టింది, నా మొగుడు అక్కడ యుద్ధంలో ఉన్నాడు, నిన్ను చూస్తే సిగ్గేస్తోందని చెప్పి వెళ్ళిపోయింది. ఆ కారువాడు ఏమన్నా నాకు లెక్కలేదు కానీ ఈమె మాటకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నిలబడ్డాను. వచ్చే శనివారం కూడా నిలబడతాను.

అరవై ఎనిమిదేళ్ళదాన్ని వీధిలో నిలబడి తిట్లు తింటున్నాను. మెత్తటి కుర్చీలో కూర్చుని మూడు వాక్యాలు చదవడానికి నీకు ఇంత కష్టమా?

మోకాలు ఎలా ఉందో రాయలేదు.

హదస


హార్లోవెల్
మే 22

అక్కా,

మూడు కాదు, నాలుగు వాక్యాలయ్యాయి. కుర్చీలో కూర్చోలేదు, నిలబడే చదివాను.

విచారణకి రబ్బీని నేనే వెంటబెట్టుకెళ్ళాను. లాయరు గుమ్మంలోనే అడ్డం పడ్డాడు. అయితే నేనూ బయటే ఉంటాను, ఇద్దరితో కానివ్వండి అన్నాను. లోపలికి రానిచ్చారు. రబ్బీ సంచి విప్పి, దుప్పటి మడతలు చూసి, చిరిగిన పేజీ ముద్దుపెట్టుకుని, ఇంత శ్రద్ధగా చేసినవాళ్ళని నేను ఈ మధ్య చూడలేదన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈ రెండు నిమిషాల పనికి మేం రెండు వారాలకు పైగా ఆ పిల్లని కాల్చుకు తిన్నాం.

తర్వాత నేను లేచాను. ఆ ప్రకటన రాసింది నేను, అందులో చెప్పింది తప్పు. అది ద్వేషం కాదు, అంత్యక్రియ. పేరు చూసి ఆమె ఎవరో తేల్చేశాను, ఆమె ఎవరైనా సరే ముందు అడిగి ఉండాల్సింది. ఆమె మీద మచ్చ మిగలకూడదు, మిగిలితే అది నా మీద ఉండాలి. ఇవే నేను చదివిన నాలుగు వాక్యాలు. ఫైలు కొట్టేశారు, హెచ్చరిక కూడా లేదు. ఆదివారం ఎస్ట్రేయా పట్టా పుచ్చుకుంటుంది. సియాటిల్ నుంచి తాతగారు వస్తున్నారట, తొంభై ఏళ్ళ మనిషి, విమానంలో.

డీన్ మాత్రం 'కొంత అపార్థం చోటుచేసుకుంది' అని ఒక చప్పిడి ప్రకటన పంపాడు. ఎవరు అపార్థం చేసుకున్నారో, దేన్నో లేదు. ఒళ్ళు మండి, నేను చదివిన నాలుగు వాక్యాలూ నేనే అందరికీ పంపి, కమిటీకి రాజీనామా ఇచ్చాను. రెండు రోజుల్లో నా మీద ఐదు ఫిర్యాదులొచ్చాయి. మూడింట్లో నేను యూద ద్వేషులకి కొమ్ము కాస్తున్నానట. రెండింట్లో మీ ప్రభుత్వానికి ఏజెంటునట. ఏ గడిలో వేస్తారో వాళ్ళ ఖర్మ.

పుస్తకాలు ఎస్ట్రేయాకి ఇచ్చేశారు. మళ్ళీ మట్టి చేసింది, నన్ను పిలవలేదు. పిలవాలని నేనూ అనుకోలేదు. విచారణ గది బయట క్షమించమని అడిగితే, "నాకు చెప్పారు, సరే. అకీవాకి?" అంది. అంతే, వెళ్ళిపోయింది.

అకీవా ఫైలు తెరవరట. రాజీనామా చేసినదాన్ని కాబట్టి అడిగే హక్కు కూడా నాకు లేదట. కానీ ల్యాబ్ నాది. ముగ్గుర్నీ పిలిచి, నేను పెట్టిన టిక్కు తప్పని చెప్పాను. వాళ్ళు పట్టుకు తిరుగుతున్న కాగితం అడిగి తీసుకున్నాను. ఒకడు వెళ్ళి అకీవాకి సారీ చెప్పాడు. మిగతా ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. అకీవా తలూపాడు, ఆ బల్ల దగ్గరికి మాత్రం రాలేదు. వాళ్ళ ఊరి దగ్గరి కాలేజీకి మారిపోతున్నాడు, సీటు కూడా వచ్చేసింది. చివరి ప్రయోగం ఇద్దరు కలిసి చేయాల్సింది, లేకపోతే ఈ టర్ము మార్కులు పోతాయి. జత ఎవరూ లేరు. నిన్న కోటు తొడుక్కుని వెళ్ళి సింకు పక్కన నేనే నిలబడ్డాను. ఎందుకని అతను అడగలేదు. గాజు గొట్టంలోంచి చుక్కలు వదులుతూ చాలాసేపు పని చేసుకున్నాం. నువ్వు రాసిన రెండు పేజీలు మళ్ళీ చదివాను అకీవా, నన్ను క్షమించమన్నాను.

తల తిప్పకుండా, కొలత మీదే చూపు పెట్టి, నెమ్మదిగా అన్నాడు. "వాళ్ళ మీద నాకు అంత కోపం లేదు, ప్రొఫెసర్. వాళ్ళు నా టోపీ చూసి, ఆ ప్రభుత్వమంటే నేనే అనుకున్నారు. మీరు నేను రాసిన రెండు పేజీలూ చదివాక కూడా అదే అనుకున్నారు."

అవునన్నాను.  అతను అంకె చెప్పాడు, నేను రాసుకున్నాను. శుక్రవారం వాళ్ళ నాన్న కారు తీసుకొస్తాడట. సామాను సర్దడానికి సాయం వస్తానంటే, వద్దండీ, ఎక్కువ లేదు అన్నాడు.

ఈడిత్